శ్రామిక బంధువు శ్రీ వరాహగిరి వెంకటగిరి

జంషెడ్‌పురమునందు స్థిరపడిన తెలుగు కుటుంబములలో పెక్కింటి కథ రైలుదారితో ఆరంభమగును. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము, గంజాము సీమలనుండి బ్రతుకుతెరువు వెదకికొనుచు బయలుదేరినవారు తూర్పుతీరపు రైలులో ఖరగ్‌పూరు చేరి, అచ్చట బండి మారి, పడమటికి మరలి సింగ్‌భూము జిల్లాలో దిగెడివారు. ఉక్కు కర్మాగారము వెలసిన సాక్చికి జంషెడ్‌పురమనియు, కాలిమాటి స్టేషనునకు టాటానగరమనియు 1919లో పేర్లు వచ్చినవి. వాల్తేరు మొదలుకొని ఖరగ్‌పూరు మీదుగా టాటానగరము వరకు గల ఆ దారి యంతయు ఆ దినములలో బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ అధీనములో ఉండెను. ఆ కంపెనీలో పనిచేయు భారతీయులను సంఘముగా కూర్చి, వారి హక్కులకై పోరాడి, తరువాత కేంద్రప్రభుత్వమున కార్మికశాఖామంత్రియై, తుదకు భారత రాష్ట్రపతి పదవి నలంకరించిన తెలుగువారు శ్రీ వరాహగిరి వెంకటగిరి.

సంజాయిషీ అడుగకుండ ఉద్యోగము తీసివేయరాదనుట, జాతినిబట్టి జీతము మారరాదనుట, సంఘములో చేరినందుకు శిక్షింపరాదనుట నేడు సర్కారు కొలువులో ఉన్నవారికి సహజముగ తోచును. నూరేండ్ల క్రిందట ఇవి యేవియు సహజములు కావు. వీనిలో ప్రతియొకటియు ఎవరో అడిగి, పోరాడి, శాసనమున వ్రాయించిన ఫలమే. గిరిగారి జీవితము ఆ చరిత్రలో ఒక ముఖ్యాధ్యాయము.

గిరిగారు 1894 ఆగస్టు 10వ తేదీన గంజాము జిల్లా బరంపురములో జన్మించిరి. ఆనాటికి గంజాము మద్రాసు రాజధానిలోని భాగము. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు బరంపురము అందులో చేరెను. తండ్రి శ్రీ వరాహగిరి వెంకట జోగయ్య పంతులుగారు పేరుగన్న న్యాయవాది, కాంగ్రెసువాది. తల్లి శ్రీమతి సుభద్రమ్మగారు. గిరిగారు బరంపురములోని ఖల్లికోట కళాశాలలో చదివి, 1913లో న్యాయశాస్త్రాభ్యాసమునకై ఐర్లండు దేశమున డబ్లిన్ నగరమునకు వెళ్ళిరి. బారిస్టరు చదువనగా లండను నగరమే తలపునకు వచ్చెడి ఆ దినములలో ఆయన డబ్లిను నెంచుకొనుట ఆయన జీవితమునకు దారి చూపినది.

ఆ సంవత్సరము ఆగస్టులో డబ్లిన్‌లో గొప్ప కార్మిక సంక్షోభము మొదలయ్యెను. జేమ్స్ లార్కిన్ నాయకత్వమున రవాణా కార్మికులును, సామాన్యపు కూలీలును ఒక సంఘముగా ఏర్పడగా, యజమానులు పనివారిచేత ఒక పత్రముపై సంతకము చేయింపజూచిరి. ఆ సంఘములో చేరననియు, ఇదివరకే చేరియున్నచో విడిచెదననియు ఒప్పుకొనుటయే ఆ పత్రము సారాంశము. సంతకము చేయనివారికి పని లేదు. సుమారు ఇరువదివేలమంది కార్మికులు వీధిని బడిరి. 1914 ఆరంభమునాటికి ఆకలి వారిని లొంగదీసెను. పనిలోని నేర్పును, నడవడిని చూడక, ఏ సంఘమున చేరినాడో అది మాత్రమే చూచి నోటికాడి కూడు తీసివేయుట న్యాయమా యను ప్రశ్న ఆ నగరమున ప్రతి ఇంటను వినిపించెను. న్యాయశాస్త్రము చదువవచ్చిన తెలుగు యువకునకు అది పాఠ్యగ్రంథములలో లేని పాఠము. లార్కిన్ సహచరుడగు జేమ్స్ కనోలీ భావములు గిరిగారి మనస్సున గాఢముగ నాటుకొనెను.

1916 ఏప్రిలులో డబ్లిన్‌లో ఆంగ్ల ప్రభుత్వముపై తిరుగుబాటు జరిగెను. మే 12వ తేదీన కనోలీని కాల్చి చంపిరి. ఐరిష్ జాతీయవాదులతో గిరిగారికి సంబంధము కలదని అనుమానించి, దేశము విడిచి పొమ్మని ప్రభుత్వమువారు ఆజ్ఞాపించిరి. బారిస్టరు పరీక్షలో కృతార్థులై ఆయన ఆ సంవత్సరమే స్వదేశము చేరిరి.

మద్రాసు హైకోర్టులో న్యాయవాదిగా చేరిన గిరిగారు అనిబిసెంటు నడపిన హోంరూలు ఉద్యమములో పాల్గొనిరి. 1920లో గాంధీజీ పిలుపు నందుకొని సహాయనిరాకరణములో చేరి, వృత్తిని త్యజించిరి. 1922లో కల్లు సారా దుకాణములకు వ్యతిరేకముగ ఆందోళన జరిపి తొలిమారు నిర్బంధింపబడిరి. ఆయన న్యాయస్థానమును విడిచిరే గాని న్యాయమును విడువలేదు. రుసుము నిచ్చు కక్షిదారునకు బదులు రైల్వే కూలి, ఖలాసీ, ఫైర్‌మన్, చిన్న గుమాస్తా ఆయనకు కక్షిదారులైరి.

అప్పటి చట్టము పనివాని పట్ల ఎట్లుండెనో తెలిసికొన్నగాని గిరిగారు చేసిన పని విలువ తెలియదు. 1859లో చేసిన శాసనము ఒకటి కలదు. బయానా పుచ్చుకొన్న పనివాడు ఒప్పందము తప్పినచో దానిని సివిలు తగవుగా గాక నేరముగా ఎంచి జైలునకు పంపుటకు అది వీలు కల్పించెను. 1925లో గాని దానిని రద్దుచేయుటకు పూనుకొనలేదు. సంఘము పెట్టువారికిని రక్షణ లేకుండెను. 1918లో మద్రాసులో కార్మిక సంఘమును స్థాపించినవారిలో ముఖ్యులగు శ్రీ బి. పి. వాడియాపై బకింగ్‌హాం మిల్లు యజమానులు దావా వేసి, పనివారు ఒప్పందము తప్పునట్లు ప్రోత్సహింపరాదని హైకోర్టునుండి నిషేధాజ్ఞ పొందిరి. నష్టపరిహారపు దావా యను కత్తి సంఘనాయకుల మెడపై వ్రేలాడుచుండెను.

ఇక రైల్వేలలో మరియొక అన్యాయము కలదు. పై యుద్యోగములు ఐరోపీయులకును, వారి తరువాత ఆంగ్లో ఇండియనులకును దక్కుచుండెను. జీతములోను, క్వార్టర్లలోను, సెలవులలోను, పైకి వచ్చు అవకాశములలోను జాతిభేదము పాటింపబడుచుండెను. ఎంత పనివాడైనను భారతీయుడు ఒక మెట్టు దాటి ఎక్కుట దుర్లభము. పైయధికారికి కోపము వచ్చినచో పని పోవుటకు ఒక్క మాట చాలును. విచారణ చేయవలెనను నియమము కాగితముపై ఉన్నచోట గూడ అప్పీలు వినువాడు ఆ యధికారికి పైవాడే కాని పరాయివాడు కాడు.

ఇట్టి స్థితిలో గిరిగారు బెంగాల్ నాగపూర్ రైల్వే ఉద్యోగుల సంఘమును కూర్చుటకు పూనుకొనిరి. ఖరగ్‌పూరు కర్మశాల దీనికి కేంద్రము. అచ్చటి పనివారిలో తెలుగువారు వేలకొలదిగ ఉండిరి. వారితోపాటు బెంగాలీలు, ఒరియాలు, బీహారీలు, హిందూస్థానీలు కలరు. భాషలు వేరైనను కష్టములు ఒక్కటియే. శ్రీ ఎన్. ఎం. జోషి సాహచర్యమున గిరిగారు దేశమందలి రైల్వే సంఘములన్నింటిని ఏకము చేయు అఖిలభారత రైల్వే ఉద్యోగుల ఫెడరేషన్ స్థాపకులలో ఒకరై, దాని ప్రధాన కార్యదర్శిగా పదేండ్లకు పైగా పనిచేసిరి. 1926లో అఖిలభారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసునకు అధ్యక్షులైరి.

ఆ సంవత్సరమే ట్రేడ్ యూనియన్ల చట్టము శాసనసభలో ఆమోదము పొందెను. 1927లో అది అమలులోనికి వచ్చెను. రిజిస్టరైన సంఘమువారు న్యాయమైన కార్మిక వివాదములో కలసి పనిచేసినంతమాత్రమున కుట్ర నేరము కాదనియు, యజమానునకు నష్టము కలిగినదని వారిపై దావా నడువదనియు ఈ చట్టము చెప్పెను. మద్రాసు మిల్లుల వ్యాజ్యములో కానవచ్చిన లోటు ఇట్లు కొంత తీరెను. కాని సంఘమును గుర్తించి తీరవలెనని యజమానునకు విధించు మాట అందు లేదు. సంఘములో చేరినవానిని పనినుండి తీసివేసినచో ఏమి చేయవలెనో గూడ అందు లేదు. డబ్లిన్‌లో చూచిన ప్రశ్నకు సమాధానము ఇంకను రాలేదన్నమాట. 1947లో ఈ చట్టమును సవరించి అట్టి దుశ్చర్యలను నిషేధించు నిబంధనలు చేర్చిరిగాని అవి అమలులోనికి రాలేదు. 1982 నాటి సవరణతోగాని పారిశ్రామిక వివాదముల చట్టములో ఆ నిషేధము స్థిరపడలేదు. అప్పటికి గిరిగారు జీవించిలేరు.

1927లో ఖరగ్‌పూరున రెండుమారులు అలజడి చెలరేగెను. సంవత్సరారంభమున ఒక సమ్మె జరిగెను. సెప్టెంబరులో కంపెనీవారు కర్మశాలలో పెక్కుమందిని తగ్గింపదలపగా రెండవ పోరాటము ఆరంభమై డిసెంబరు వరకు సాగెను. పండుగల రోజులలో జీతములు లేక, అప్పు పుట్టక, వేలాది కుటుంబములు శ్రమపడిరి. ఏండ్లకొలది సేవ చేసినవానిని ఒక్క నోటీసుతో బయటికి పంపవచ్చునా, పంపినచో వానికేమైన చెల్లింపవలెనా, ఎవరిని ముందు పంపవలెను, ఎవరిని ఉంచవలెను అనునవి అప్పటి ప్రశ్నలు. యజమాని ఇష్టమే వీనికి జవాబు. గిరిగారు ఉద్యోగుల పక్షమున నిలిచి, పోరాటమును అహింసామార్గమున నడపిరి. ఆ ప్రశ్నలను ఆయన మరువలేదనుటకు ఇరువదియారేండ్ల తరువాత నిదర్శనము కానవచ్చెను.

అదే కాలమున జంషెడ్‌పురమందును ఇట్టి ఘర్షణయే జరుగుచుండెను. ఉక్కు కర్మాగారములో 1912లోనే ఎనిమిది గంటల పనిదినము అమలైనను, 1920లో సమ్మె వచ్చెను, కార్మిక సంఘము పుట్టెను. 1922లో మరల సమ్మె. 1928లో పనివారి తగ్గింపు కారణముగ నెలల తరబడి పని నిలిచిపోగా, శ్రీ సుభాష్ చంద్రబోసు రంగమున ప్రవేశించి సెప్టెంబరులో ఒడంబడిక కుదిర్చిరి. ఒకే రైలుదారిమీద నున్న ఖరగ్‌పూరును, జంషెడ్‌పురమును ఏడాది తేడాలో ఒకే బాధకు గురియగుట గమనింపదగినది. రెండుచోట్లను తెలుగు కుటుంబములు ఆ బాధను పంచుకొనినవే.

గిరిగారు 1927లో జెనీవా నగరమున జరిగిన అంతర్జాతీయ కార్మిక మహాసభకు భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్ళిరి. 1929లో ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు నాగపూరు సభలో చీలిక వచ్చెను. ప్రభుత్వము నియమించిన కార్మిక కమీషనును బహిష్కరింపవలెనని ఒక వర్గమువారు పట్టుబట్టగా, కమీషను ఎదుట కష్టములు చెప్పుకొని రాదగిన చట్టములు రాబట్టవలెనని జోషి, గిరి మొదలగువారు తలచిరి. వారు వేరుపడి వేరొక ఫెడరేషన్ స్థాపించిరి. ఈ నిర్ణయమును తప్పుపట్టినవారు ఆనాడును కలరు, తరువాతను కలరు. కార్మికుల ఐక్యత దీనివలన చాలకాలము దెబ్బతినెననుట సత్యము. 1931లో లండనులో జరిగిన రెండవ రౌండ్ టేబిలు సమావేశమున గిరిగారు కార్మిక ప్రతినిధిగా కూర్చుండిరి.

1934లో ఆయన కేంద్ర శాసనసభకు ఎన్నికైరి. ఆయన సభ్యులుగా నున్న కాలముననే, 1936లో, వేతనముల చెల్లింపు చట్టము వచ్చెను. కర్మాగారములలోను రైల్వేలలోను జీతము నియమిత దినమునకు ఇయ్యవలెననియు, ఇష్టము వచ్చినట్లు జుర్మానాలు విధించి జీతములు కోయరాదనియు అది శాసించెను. 1937 ఎన్నికలలో గిరిగారు బొబ్బిలి నియోజకవర్గమునుండి అంతకుముందు మద్రాసు ప్రధానిగా నుండిన బొబ్బిలి రాజావారి నోడించిరి. తన సంస్థానపు గడ్డపైననే రాజావారు ఒక కార్మిక నాయకుని చేతిలో ఓడిపోవుట రాజధాని యంతట సంచలనము కలిగించెను. రాజాజీ మంత్రివర్గమున గిరిగారు కార్మిక, పరిశ్రమల శాఖలు చూచిరి. 1939లో కాంగ్రెసు మంత్రివర్గములు రాజీనామా చేయగా బయటికి వచ్చి, వ్యక్తి సత్యాగ్రహమందును, 1942 ఉద్యమమందును జైలుపాలైరి. 1942లో ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు అధ్యక్షపదవి మరల ఆయనకు లభించెను. 1946లో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గమున మరల కార్మికశాఖ నిర్వహించిరి. 1947 నుండి 1951 వరకు సింహళమున భారత హైకమీషనరుగా ఉండిరి. ఆ కాలమున, 1948లో, సింహళ ప్రభుత్వము చేసిన పౌరసత్వ చట్టమువలన తేయాకు తోటలలో పనిచేయు లక్షలాది భారత సంతతివారు ఏ దేశమునకును చెందనివారైరి. పని చేయించుకొన్న దేశమే హక్కు నిరాకరించుట ఆయన అచ్చట కన్నులార చూచిరి.

1952లో పాతపట్నము నియోజకవర్గమునుండి లోక్‌సభకు ఎన్నికై, నెహ్రూగారి మంత్రివర్గమున కార్మికశాఖామంత్రియైరి. 1953లో బట్టల మిల్లులలో పని తగ్గి వేలమంది వీధిపాలగు స్థితి వచ్చినప్పుడు పారిశ్రామిక వివాదముల చట్టమునకు ఒక సవరణ వచ్చెను. అది ఆ సంవత్సరము అక్టోబరు 24 నుండి అమలయ్యెను. ఏడాదికి తక్కువ కాకుండ పనిచేసినవానిని తగ్గింపుక్రింద తీసివేయవలెనన్నచో ఒక నెల ముందుగా నోటీసు గాని నెల జీతము గాని ఇయ్యవలెను. పూర్తియైన ప్రతి సంవత్సరపు సేవకు పదునైదు దినముల సగటు జీతము పరిహారముగా చెల్లింపవలెను. ఒకే తరగతి పనివారిలో అందరికంటె తరువాత చేరినవానినే సాధారణముగ ముందు పంపవలెను. అట్లు చేయనియెడల కారణము వ్రాసి యుంచవలెను. పని తాత్కాలికముగ నిలిపివేసినచో సగము వేతనము ఇయ్యవలెను. ఖరగ్‌పూరు పనివారు 1927లో అడిగిన ప్రశ్నలకు దేశపు శాసనము ఇచ్చిన జవాబు ఇది. అప్పుడు కార్మికశాఖా పీఠమున కూర్చున్నవారు ఆ పనివారి నాయకుడే. తరువాత చేరినవానిని ముందు పంపవలెనను నియమము చూచుటకు చిన్నది. కాని కులము, ప్రాంతము, సంఘము, పైవాని ఇష్టానిష్టములు చూచి మనిషిని ఏరివేయు అవకాశమును అది తగ్గించినది. 2020లో పార్లమెంటు ఆమోదించిన పారిశ్రామిక సంబంధముల స్మృతిలో గూడ ఈ సూత్రములకు చోటు దొరకినది.

అయినను గిరిగారికి చట్టముపైననే పూర్తి భరోసా లేదు. 1952 అక్టోబరులో నైనిటాల్‌లో జరిగిన భారత కార్మిక సమావేశమున ఆయన తమ అభిప్రాయమును స్పష్టముగ తెలిపిరి. యజమానికిని పనివారికిని తగవు వచ్చినప్పుడు ప్రభుత్వము వెంటనే ట్రిబ్యునల్‌కు పంపుట మంచి యలవాటు కాదనియు, ఇరుపక్షములవారు ఎదురెదురుగ కూర్చుండి మాటలాడుకొనవలెననియు, కుదరనిచో ఇష్టపూర్వకముగ మధ్యవర్తి నేర్పరచుకొనవలెననియు ఆయన మతము. కోర్టుమెట్లెక్కిన సంఘము ప్లీడరుపై ఆధారపడి తన బలమును మరచునని ఆయన భయము. దీనికి గిరిమార్గమని పేరు వచ్చెను.

ఈ మార్గమునకు ఎదురు వాదము బలహీనమైనది కాదు. వేలకొలది సభ్యులున్న సంఘము యజమానితో సమానముగ కూర్చుండగలదు. పదిమంది పనివారున్న దుకాణములోనివాడు, కంట్రాక్టరు క్రింద రోజుకూలికి పనిచేయువాడు ఎవరితో కూర్చుండగలడు? వానికి ట్రిబ్యునలే దిక్కు. అందుచేతనే పెక్కు సంఘములవారు గిరిమార్గమును అంగీకరింపలేదు. ప్రభుత్వ విధానముగా అది స్థిరపడలేదు.

జంషెడ్‌పురము ఈ వాదమునకు రెండువైపుల సాక్ష్యము చెప్పినది. 1956లో ఉక్కు కంపెనీయు, టాటా వర్కర్స్ యూనియనును నేరుగా ఒడంబడిక చేసికొని, సంయుక్త సంప్రదింపు సంఘములను ఏర్పరచుకొనెను. గిరిగారు కోరిన తీరు ఇదియే. కాని రెండేండ్లు తిరుగకమునుపే, 1958 మే నెలలో, గుర్తింపు పొందని మరియొక సంఘము పిలుపుపై అచ్చట పెద్ద సమ్మె జరిగెను. బల్లకు ఎదురుగ కూర్చుండువాడు ఎవరి ప్రతినిధి యను ప్రశ్న తీరనిదే ఎదురెదురు మాటలు నిలువవని ఆ సమ్మె చాటినది.

ఇట్లు న్యాయనిర్ణయము కంటె ఒడంబడికయే మేలని వాదించిన మంత్రి, ఒక న్యాయనిర్ణయమును కాపాడుటకై పదవిని వదలుట గిరిగారి జీవితమున మిక్కిలి ముఖ్యమైన ఘట్టము. బ్యాంకు ఉద్యోగుల జీతములు, పని షరతుల వివాదము 1949 నుండి సాగుచుండెను. మొదటి ట్రిబ్యునల్ తీర్పును 1951లో సుప్రీంకోర్టు చెల్లదనెను. తరువాత వచ్చిన శాస్త్రి ట్రిబ్యునల్ 1953లో తీర్పు చెప్పెను. దానిపై అప్పీలు విని, కార్మిక అప్పీలు ట్రిబ్యునల్ 1954 ఏప్రిలులో తుదినిర్ణయము వెలువరించెను. ఇన్నేండ్లు ఓర్చుకొన్న గుమాస్తాలకు ఫలము చేతికందు సమయమున, ఆగస్టు నెలలో, ప్రభుత్వము తన అధికారము నుపయోగించి ఆ నిర్ణయమును తగ్గించి సవరించెను. చిన్న బ్యాంకులు, పల్లెటూళ్ళ శాఖలు ఆ భారము మోయలేవని కారణము చెప్పిరి. ఆర్థికముగ ఆ కారణము త్రోసిపుచ్చరానిది కావచ్చును. కాని ట్రిబ్యునల్‌కు పొమ్మన్నది ప్రభుత్వమే. ఉభయుల వాదములు విని అది తీర్పు చెప్పిన పిమ్మట దానిని మార్చినచో, ఇక పనివాడు ఏ తీర్పును నమ్మును? సమ్మె మాని న్యాయస్థానమునకు పొమ్మని వానికి ఏ ముఖముతో చెప్పవలెను? గిరిగారు మంత్రివర్గ నిర్ణయముతో ఏకీభవింపలేక రాజీనామా నిచ్చిరి.

ఆ రాజీనామా వృథాకాలేదు. ప్రభుత్వము విచారణ కమీషనును నియమించెను. జస్టిస్ రాజాధ్యక్ష మరణింపగా జస్టిస్ గజేంద్రగడ్కర్ ఆ పని పూర్తిచేసిరి. ఆయన సిఫారసులను చేర్చి, అప్పీలు ట్రిబ్యునల్ నిర్ణయమును అమలుపరచు చట్టమును 1955లో పార్లమెంటు ఆమోదించెను. పదవి పోయినవారు గిరిగారు, హక్కు నిలిచినది గుమాస్తాలకు.

1957 ఎన్నికలలో పార్వతీపురమున ఓడిపోయిన గిరిగారు ఆ సంవత్సరమే ఉత్తరప్రదేశ్ గవర్నరైరి. తరువాత కేరళమునకు, మైసూరునకు గవర్నరుగా పనిచేసి 1967లో ఉపరాష్ట్రపతియైరి. 1969 మేలో డాక్టర్ జాకీర్ హుస్సేన్ మరణింపగా తాత్కాలిక రాష్ట్రపతిగా వ్యవహరించి, జూలైలో రాజీనామా చేసి, స్వతంత్రుడుగా పోటీచేసి, ఆంధ్రుడే యగు శ్రీ నీలం సంజీవరెడ్డిపై రెండవ ప్రాధాన్యపు ఓట్ల లెక్కతో గెలిచిరి. ఆ ఎన్నిక చెల్లదని సుప్రీంకోర్టులో వ్యాజ్యము పడగా, 1970లో రాష్ట్రపతి స్వయముగ కోర్టునకు వెళ్ళి సాక్ష్యము చెప్పిరి. పదవిలోనున్న రాష్ట్రపతి అట్లు సాక్షిగా వచ్చుట అదియే ప్రథమము. వ్యాజ్యము కొట్టివేయబడెను.

1974 మే నెలలో దేశమంతట రైల్వే సమ్మె జరిగెను. గిరిగారు పూర్వము ప్రధాన కార్యదర్శిగా నుండిన ఫెడరేషనే దానికి ముందు నిలిచెను. వేలాది ఉద్యోగులు నిర్బంధింపబడిరి, పెక్కుమంది పనులు పోగొట్టుకొనిరి. ఇరువది దినములకు సమ్మె విరమింపబడెను. అప్పుడు రాష్ట్రపతి పీఠమున ఉన్నవారు గిరిగారే. రాజ్యాంగమునుబట్టి రాష్ట్రపతి మంత్రివర్గము సలహాపై నడువవలసినవారు. 1954లో మంత్రిగా చేయగలిగిన పని 1974లో రాష్ట్రపతికి సులభము కాదు. టాటానగరము, చక్రధరపురము, ఖరగ్‌పూరు కాలనీలలో ఆ మే నెలను అనుభవించిన కుటుంబములకు ఈ విపర్యాసము తెలియనిది కాదు. ఆ సంవత్సరము ఆగస్టులో ఆయన పదవీకాలము ముగిసెను. 1975లో భారతరత్న బిరుదముతో దేశము ఆయనను గౌరవించెను. 1980 జూన్ 24వ తేదీన మద్రాసులో, ఎనుబదియైదేండ్ల వయస్సున, దివంగతులైరి. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టబడెను.

కేంద్రప్రభుత్వోద్యోగుల విషయమున గూడ ఆయన కోరిన రెండు దారులును క్రమముగ ఏర్పడినవి. రాజ్యాంగములోని 16వ అధికరణము ప్రభుత్వోద్యోగములలో మతము, జాతి, కులము, లింగము, పుట్టినచోటు మొదలగు కారణములచే భేదము చూపరాదని శాసించినది. 311వ అధికరణము, కొన్ని మినహాయింపులతో, ఆరోపణలు తెలిపి విచారింపనిదే సివిలు ఉద్యోగిని తొలగింపరాదని కట్టడి చేసినది. 1960 జూలైలో జరిగిన కేంద్రోద్యోగుల సమ్మె తరువాత, 1966లో, అధికారులును ఉద్యోగ ప్రతినిధులును కలసి కూర్చుండు సంయుక్త సంప్రదింపు యంత్రాంగము వచ్చెను. సేవావిషయములలో తగవులు వినుటకు 1985 చట్టము క్రింద కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్ ఏర్పడెను. ఒకటి మాటలాడుకొను బల్ల, ఒకటి తీర్పు చెప్పు పీఠము.

ఈ రెండింటిలో ఏది మేలని గిరిగారిని ఆయన జీవితము ద్వారా అడిగినచో, బల్లయే మేలను సమాధానము వచ్చును. కాని తీర్పు వచ్చిన పిమ్మట దానిని మార్చు అధికారము ప్రభుత్వమునకును ఉండరాదని ఆయన రాజీనామా చెప్పుచున్నది. పదిమందితో చేరుటకు, నోటీసును శ్రద్ధగ చదువుటకు, గడువులోపల జవాబు వ్రాయుటకు ఉద్యోగి బద్ధకించినచో బల్లయు, పీఠమును ఖాళీగనే ఉండును. ఖరగ్‌పూరు దారిన వచ్చి ఈ సువర్ణరేఖాతీరమున ఇండ్లు కట్టుకొన్న తెలుగువారి పెద్దలు ఆ హక్కులు లేని కాలమున పనిచేసిరి. వారి పిల్లలు హక్కులతో పనిచేయుచున్నారు. ఆ మార్పునకై బారిస్టరు వృత్తిని ఒకమారు, మంత్రిపదవిని ఒకమారు వదలుకొన్న శ్రీ గిరిగారు ఆంధ్రులకెల్ల స్మరణీయులు.